అనుకుని కొన్న తుపాకీ, అప్పటికప్పుడు కొన్న తుపాకీ

బీసెంట్ రోడ్డుకి చొక్కా కొందామని వెళ్ళినవాడు రెండు చీరలు, ఒక దుప్పటి కూడా పట్టుకుని ఇంటికొస్తాడు. అందులో వింతేమీ లేదు. తుపాకీ విషయంలో మాత్రం విజయవాడలో అలా జరగదు. జేబులో ఎంత డబ్బున్నా, దుకాణదారు ఎంత తెలిసినవాడైనా, లైసెన్స్ చూపించకుండా ఒక్క తూటా కూడా చేతికి రాదు. అందుకే "తుపాకీ ఉన్నవాళ్ళు ముందే అనుకుని కొంటారా, చూడగానే మనసు లాగి కొనేస్తారా" అన్న ప్రశ్న మనకు సంబంధం లేని అమెరికా గొడవలా వినిపిస్తుంది.

కానీ అది మన ఇళ్ళలోకి వచ్చి చాలా కాలమైంది. గుంటూరు బ్రాడీపేటలోనో విజయవాడ పటమటలోనో ఏ వీధిలో అడిగినా, పిల్లలు టెక్సస్‌లోనో జార్జియాలోనో ఉన్న ఇళ్ళు కనిపిస్తాయి. ఆ పిల్లల్లో కొందరి బీరువాల్లో ఇప్పుడు పిస్టల్ ఉంది. ఇక్కడి అమ్మానాన్నలకు ఆ సంగతి తెలిసేది ఎప్పుడో పండక్కి వీడియో కాల్‌లో, అదీ నోరు జారితే. "ఎందుకు కొన్నావురా" అని అడిగితే వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: "చాలా రోజుల నుంచి అనుకుంటున్నా నాన్నా." ఆ మాట అబద్ధం కాకపోవచ్చు. కానీ "అనుకోవడం" అంటే ఏమిటన్న దగ్గరే ఈ చిక్కంతా ఉంది.

ముందు మన పద్ధతి చూద్దాం. 1959 నాటి ఆయుధాల చట్టం, 2016 నాటి ఆయుధాల నియమాలు, ఈ రెండింటి మీదే వ్యవహారమంతా నడుస్తుంది. మామూలు మనిషికి దొరికేది నిషేధం లేని బోర్ (గొట్టం లోపలి కొలత) ఆయుధాలు మాత్రమే. వాటికి విజయవాడ కమిషనరేట్ పరిధిలో పోలీస్ కమిషనర్‌కీ, గుంటూరు జిల్లాలో కలెక్టర్‌కీ దరఖాస్తు పెట్టుకోవాలి. వయసు 21 నిండి ఉండాలి. ఆరోగ్యం, మానసిక స్థితి బాగున్నాయని డాక్టరు సర్టిఫికెట్ కావాలి. ఆయుధాన్ని జాగ్రత్తగా వాడటంలో శిక్షణ తీసుకున్నట్టు కాగితం కావాలి. ఇంట్లో భద్రంగా దాస్తానని రాసివ్వాలి. ఆ తర్వాత స్టేషన్ నుంచి ఎంక్వైరీ. కేసులున్నాయా, ఇరుగుపొరుగుతో తగాదాలున్నాయా, అసలు తుపాకీ ఎందుకు అన్నవి అడుగుతారు. నిబంధనల్లో గడువులు రాసి ఉన్నా, నెలల తరబడి ఎదురుచూసినవాళ్ళే ఎక్కువ. చివరికి వద్దని తేల్చినా, పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.

లైసెన్స్ వచ్చాకే దుకాణం గడప తొక్కాలి. కొన్న ఆయుధాన్ని అధికారులకు చూపించి నంబర్ ఎక్కించుకోవాలి. 2019 సవరణ తర్వాత ఒక మనిషి దగ్గర రెండు ఆయుధాలకు మించి ఉండకూడదు, అంతకు ముందు మూడు దాకా ఉండేది. లైసెన్స్ గడువు అదే సవరణతో 3 ఏళ్ళ నుంచి 5 ఏళ్ళకు పెరిగింది.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మన దగ్గర నిరీక్షణ అమ్మేవాడికి కూడా ఉంది. లైసెన్స్ ఉన్న ఇద్దరు మామూలు మనుషుల మధ్య తుపాకీ చేతులు మారాలంటే, అమ్మేవాడు కొనేవాడి పేరు, చిరునామా రాసి జిల్లా మేజిస్ట్రేట్‌కో దగ్గర్లోని స్టేషన్‌కో ముందుగా తెలియజేయాలి. ఆ తర్వాత 45 రోజులు గడవాలి. చట్టం 5వ సెక్షన్‌లో ఉన్న మాట ఇది. ఊళ్ళో పెళ్ళిలో కలిసిన బావగారు "నీ రివాల్వర్ బాగుంది, నాకిచ్చెయ్" అంటే అక్కడికక్కడ ఇచ్చేయడం కుదరదు.

ఇంత తతంగం ఉన్నప్పుడు ఇక్కడ తొందరపాటు కొనుగోలే ఉండదు కదా అనిపిస్తుంది. నేను దానితో ఏకీభవించను. మన పద్ధతి కౌంటర్ దగ్గరి తొందరను ఆపుతుంది, నిజమే. కానీ దరఖాస్తు రాయించే మనసులోని తొందరను అది ముట్టుకోదు. పొలం గట్టు తగాదాలో ఎవడో బెదిరించిన వారం, మిర్చి యార్డు నుంచి డబ్బు సంచీతో వస్తున్న వ్యాపారిని ఎవరో వెంబడించారన్న వార్త వచ్చిన వారం, పక్కింటాయన వెనకాల గన్‌మ్యాన్ తిరగడం మొదలైన వారం, ఇలాంటి వారాల్లోనే చాలా దరఖాస్తులు పుడతాయి. ఎంక్వైరీ అయ్యేసరికి ఆ తగాదా రాజీ అయిపోయి ఉండవచ్చు. అయినా ఫైలు ఆగదు, ఎందుకంటే అప్పటికి ఖర్చు పెట్టాం, తిరిగాం, నలుగురికీ చెప్పాం. ఏడాది పట్టిందని అది ఆలోచించి కొన్నదైపోదు. ఒక్క సాయంత్రం పుట్టిన భయాన్ని ఏడాది పాటు మోశామంతే.

ఇక హోదా కోసం కొనేవాళ్ళ సంగతి. ధర తక్కువేమీ కాదు. 2014లో కాన్పూర్ నుంచి "నిర్భీక్" అన్న చిన్న .32 రివాల్వర్ వచ్చింది, ఆడవాళ్ళ ఆత్మరక్షణకు అని. అప్పట్లో దాని ధర 1 లక్షా 22 వేల పైచిలుకు. రోజూ బస్సులో ఉద్యోగానికి వెళ్ళే అమ్మాయి కొనగలిగే ధర కాదది. లక్షలు పెట్టగలవాళ్ళ చేతుల్లో ఆయుధం కొంత రక్షణ, కొంత అలంకారం. అలంకారంగా మారిన చోటే పెళ్ళి ఊరేగింపుల్లో గాలిలోకి కాల్చడం కూడా వచ్చింది. ఉత్తరాదిలో అది ఎన్నో ప్రాణాలు తీసింది. 2019 సవరణలో దానికి విడిగా శిక్ష పెట్టారు: 2 ఏళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

కొనకుండానే వచ్చే తుపాకులు కూడా ఉన్నాయి. గుంటూరు దగ్గర ఒక బంధువుల ఇంట్లో పాత డబుల్ బ్యారెల్ ఒకటుంది. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన ప్రతిసారీ దాన్ని పాత పంచెలో చుట్టి స్టేషన్‌కి తీసుకెళ్ళి అప్పగిస్తారు. అక్కడ రిజిస్టర్‌లో రాసుకుని చీటీ ఇస్తారు, ఆ చీటీ లైసెన్స్ పుస్తకంలో మడిచి పెడతారు. ఫలితాలొచ్చాక మళ్ళీ తెచ్చుకుని, నూనె గుడ్డతో తుడిచి, గోడకున్న కొక్కేలకు తగిలిస్తారు. తూటాల డబ్బా అట్ట మెత్తబడిపోయింది, ఇత్తడి అంచులు పచ్చగా చిలుం పట్టాయి. పెద్దాయనకు డెబ్బై దాటాయి. 2016 నియమాల ప్రకారం లైసెన్స్‌దారుకి 70 ఏళ్ళు నిండినా, ఆయుధం 25 ఏళ్ళు దగ్గరున్నా, బతికుండగానే వారసుడికి బదిలీకి దరఖాస్తు పెట్టవచ్చు. కొడుకు తుపాకీ కావాలని ఏనాడూ అనుకోలేదు. కానీ "తాతల నాటిది, ఉన్నదాన్ని పోగొట్టుకోవడమెందుకు" అన్న ఒక్క మాటకు తలూపి దరఖాస్తు పెట్టేశాడు. ఎక్కడ దాస్తాడు, పిల్లలకేం చెబుతాడు, తూటాలేం చేస్తాడు అన్న చర్చ ఆ ఇంట్లో జరగలేదు. ముందూ వెనకా చూడకుండా తీసుకున్న నిర్ణయం అంటే నా దృష్టిలో ఇదే. డబ్బు చేతులు మారకపోయినా సరే.

ఇప్పుడు సముద్రం అవతలికి వెళ్దాం. అమెరికాలో 1993 నవంబరు 30న సంతకమైన బ్రేడీ చట్టం పిస్టళ్ళకు 5 రోజుల నిరీక్షణ పెట్టింది. అది తాత్కాలికం. 1998 నవంబరు 30న ఎఫ్‌బీఐ కొనేవాడి పాత రికార్డును కంప్యూటర్‌లో చూసే తనిఖీ మొదలవగానే ఆ నిరీక్షణ పోయింది. ఇప్పుడు కొనేవాడు దుకాణంలో 4473 నంబర్ ఫారం నింపుతాడు, దుకాణదారు తనిఖీకి పంపుతాడు. చాలావరకు నిమిషాల్లో జవాబొస్తుంది. 3 పనిదినాల్లో ఏ జవాబూ రాకపోతే, కేంద్ర చట్టం ప్రకారం దుకాణదారు అమ్మేయవచ్చు. 2022 చట్టం 21 ఏళ్ళ లోపు వాళ్ళ విషయంలో మాత్రం ఈ గడువును 10 పనిదినాల దాకా పొడిగించే వీలు కల్పించింది. ఇక రాష్ట్రాలు దేనికదే. కాలిఫోర్నియాలో 10 రోజులు ఆగాలి, హవాయిలో 14 రోజులు, ఇల్లినాయ్‌లో 72 గంటలు. మన పిల్లలు ఎక్కువగా ఉండే టెక్సస్‌లో ఒక్క రోజు కూడా ఆగక్కర్లేదు.

మన వాళ్ళకు ముఖ్యమైన మాట ఒకటి ఇక్కడ చెప్పాలి. హెచ్-1బీ, విద్యార్థి వీసా లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళకు తుపాకీ కొనడం, దగ్గర ఉంచుకోవడం కేంద్ర చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు కొనుక్కోవచ్చు. అందుకని గ్రీన్ కార్డు ఉన్న రూమ్మేట్ చేత కొనిపిద్దాం అనుకుంటే అది ఇంకా పెద్ద నేరం. ఒకరి కోసం ఇంకొకరు ఫారం నింపి కొనడానికి 2022 నుంచి 15 ఏళ్ళ దాకా శిక్ష ఉంది. ఇలాంటి తప్పు చేసేది ఎక్కువగా అప్పటికప్పుడు కొనేవాళ్ళే. నిదానంగా ఆలోచించేవాడు ముందు ఈ నిబంధన చదువుతాడు.

మా బంధువుల అబ్బాయి ఒకడు డాలస్ శివార్లలో ఉంటాడు, గ్రీన్ కార్డు వచ్చింది. వాళ్ళ కాలనీలో ఒక ఇంట్లో దొంగలు పడ్డారు. ఆ శనివారమే వెళ్ళి పిస్టల్ కొన్నాడు. "బాబాయ్, లోపలికి తీసుకెళ్ళిన కాఫీ బయటికొచ్చేసరికి ఇంకా వేడిగానే ఉంది" అన్నాడు ఫోన్లో. ఎక్కడ పెట్టావురా అంటే, బట్టల బీరువా పై అరలో, స్వెట్టర్ల కింద అన్నాడు. తాళం పెట్టె ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేశాడు, వచ్చే బుధవారం వస్తుందట. ఇంట్లో మూడేళ్ళ పాప ఉంది. కుర్చీ లాక్కుని పైకెక్కడం అప్పుడే నేర్చింది, ఆ సంగతి కూడా వాడే మురిసిపోతూ చెప్పాడు. పిస్టల్ గురించి రెండేళ్ళుగా వీడియోలు చూస్తున్నాడు, ఏ కంపెనీ మంచిదో, ఏ తూటా ఎందుకో అన్నీ చెప్పగలడు. అంటే ఏ పిస్టల్ కొనాలన్నది బాగా ఆలోచించాడు. దాన్ని ఇంట్లోకి తేవడం మాత్రం ఆలోచించలేదు.

కొనుగోళ్ళను అధ్యయనం చేసేవాళ్ళకు ఈ తేడా పాతదే. 1962లో హాకిన్స్ స్టెర్న్ అనే ఆయన తొందరపాటు కొనుగోళ్ళు నాలుగు రకాలన్నాడు. ఏ ఆలోచనా లేకుండా మనసు లాగి కొనేది ఒకటి. వస్తువు కంటబడగానే "అరె, ఇది ఇంట్లో అయిపోయింది కదా" అని గుర్తొచ్చి కొనేది రెండోది. మొదటిసారి చూసి, ఇది నాకు అవసరమే అని అక్కడికక్కడ నచ్చజెప్పుకుని కొనేది మూడోది. ఇక నాలుగోది విచిత్రమైనది: ఏదో ఒకటి కొనాలని ఇంటి దగ్గరే నిశ్చయించుకుని వెళ్ళడం, ఏది అన్నది మాత్రం అక్కడి ధరలను బట్టి తేల్చుకోవడం. దీన్ని ఆయన ముందే అనుకున్న తొందరపాటు అన్నాడు.

అమెరికాలో పాత తుపాకీదారులు ఎక్కువగా ఈ నాలుగో రకం కిందికి వస్తారు. వారాంతపు తుపాకుల ప్రదర్శనకు డబ్బు జేబులో పెట్టుకునే వెళ్తారు. ఏళ్ళ తరబడి వెతుకుతున్న పాత మోడల్ రైఫిల్ ఒకటి సెకండ్ హ్యాండ్ అరలో కనిపిస్తుంది. పది నిమిషాల్లో బేరం కుదిరి చేతికొస్తుంది. చూసేవాడికది అప్పటికప్పుడు కొన్నట్టుంటుంది, కొన్నవాడి లెక్కలో అది పదేళ్ళ ప్రణాళిక. దీనికి సరిగ్గా ఎదురుగా మా డాలస్ అబ్బాయి లాంటివాళ్ళున్నారు. తయారీ రెండేళ్ళు, నిర్ణయం ఒక్క రాత్రి. కొనడానికి ఎంతసేపు పట్టిందన్నది చూసి ఈ ఇద్దర్నీ వేరు చేయలేం.

అసలు వేరు చేయాల్సింది మొదటి తుపాకీని, ఆరో తుపాకీని. హార్వర్డ్, నార్త్ఈస్టర్న్ పరిశోధకులు 2015లో చేసిన జాతీయ సర్వేలో, దేశంలోని పెద్దల్లో 3 శాతం మంది దగ్గరే దాదాపు సగం తుపాకులున్నాయని తేలింది. వాళ్ళకు ఇంకొకటి చేరడం అంటే ఇనప్పెట్టెలో ఇంకో చోటు సర్దుకోవడమే. పెట్టె ఉంది, అలవాటుంది, ఇంట్లోవాళ్ళకు తెలుసు. తుపాకీ లేని ఇంట్లోకి మొదటిది వచ్చినప్పుడు మారేది వేరు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ప్రతి కోపం, ప్రతి కుంగుబాటు, పిల్లల ప్రతి అల్లరి దాని పక్కనే జరుగుతుంది.

ఈ వాదనే కోర్టుకెక్కింది. కాలిఫోర్నియాలో ఇప్పటికే చట్టబద్ధంగా తుపాకీ ఉన్న కొందరు, "మా ఇంట్లో ఒకటుండగా రెండోదానికి 10 రోజులు ఆపితే మీరు ఆపేదేమిటి" అని కేసు వేశారు. సిల్వెస్టర్ కేసు అంటారు దాన్ని. 2014లో కింది కోర్టు వాళ్ళ మాట సబబే అంది. 2016 డిసెంబరులో 9వ సర్క్యూట్ అప్పీలు కోర్టు కాదంది: ఇంట్లో వేట రైఫిల్ ఉన్నవాడికి కోపంలో ఇంకో రకం ఆయుధం కావాలనిపించవచ్చు, ఆ కోపం చల్లారడానికి ఈ రోజులు పనికొస్తాయి అని. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు, జస్టిస్ థామస్ ఒక్కరు విడిగా అసమ్మతి రాశారు. నా మటుకు నాకు కింది కోర్టు తర్కంలో బలముంది. కానీ చట్టం మనిషిని చూసి గడువు తేల్చలేదు, అందరికీ ఒకే గడువు పెట్టగలదు. మొదటిసారి కొనేవాడి ప్రాణం కోసం ఆరోసారి కొనేవాడు పది రోజులు ఆగడం నాకు పెద్ద అన్యాయంగా కనిపించదు.

ఎందుకంటే మొదటి రోజుల గురించి మన చేతిలో ఉన్న అంకెలు భయపెట్టేవి. కాలిఫోర్నియాలో 1991లో పిస్టళ్ళు కొన్నవాళ్ళను గారెన్ వింటెమ్యూట్ బృందం పరిశీలించి 1999లో ఫలితాలు ప్రచురించింది. కొన్న మొదటి వారంలో వాళ్ళలో తుపాకీతో ఆత్మహత్య చేసుకున్న రేటు మామూలు జనాభా కంటే 57 రెట్లు ఎక్కువ. ఇంకో సంగతి గమనించాలి: అప్పట్లో ఆ రాష్ట్రంలో 15 రోజుల నిరీక్షణ ఉంది. అంటే ఆగినా కూడా ఆ ఉద్దేశం చల్లారనివాళ్ళున్నారు. నిరీక్షణ అందర్నీ కాపాడదు. కొందర్ని కాపాడుతుంది. 1970 నుంచి 2014 దాకా రాష్ట్రాల లెక్కలు పట్టి లూకా, మల్హోత్రా, పోలిక్విన్ అనే పరిశోధకులు 2017లో తేల్చింది ఏమిటంటే, నిరీక్షణ చట్టాలున్న చోట తుపాకీ హత్యలు 17 శాతం దాకా తగ్గాయని. ఎవరికి తుపాకీ దొరుకుతుందన్నది ఈ చట్టాలు మార్చలేదు. ఎప్పుడు దొరుకుతుందన్నది మాత్రమే మార్చాయి.

మూడో అధ్యయనం ఈ కథను ఇంకో మలుపు తిప్పుతుంది. స్టడర్ట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు కాలిఫోర్నియాలో 2 కోట్ల 63 లక్షల మంది పెద్దల వివరాలు పరిశీలించి 2020లో ప్రచురించారు. పిస్టల్ ఉన్న మగవాళ్ళలో తుపాకీ ఆత్మహత్యలు లేనివాళ్ళ కంటే 8 రెట్లు, ఆడవాళ్ళలో 35 రెట్లు ఎక్కువ. కొన్న వెంటనే ప్రమాదం అతి ఎక్కువ, అది పాత మాటే. కానీ పిస్టల్ ఉన్నవాళ్ళ తుపాకీ ఆత్మహత్యల్లో 52 శాతం కొన్న ఏడాది దాటాకే జరిగాయి. ఆ సగానికి పైగా మనుషులు చనిపోవాలని తుపాకీ కొన్నవాళ్ళు కారనుకోవచ్చు. రక్షణకో సరదాకో కొని, ఆ తర్వాతెప్పుడో జీవితంలో చీకటి కమ్మిన రాత్రి, అది ఇంట్లో సిద్ధంగా ఉంది. కొనేటప్పుడు తొందర లేకపోయినా, వాడేటప్పుడు తొందర ఉంటుంది. ముందే అనుకుని కొన్నదా కాదా అన్న ప్రశ్నకు సగం జవాబు కొన్న రోజు దొరకదు.

గుంటూరు జిల్లావాళ్ళకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. పత్తి పొలానికి తెచ్చిన పురుగుమందు ఏ ఇంట్లో ఏ పని చేసిందో ప్రతి ఊరికీ తెలుసు. ఆ డబ్బా కొన్నది చేను కోసం, ఎంతో ఆలోచించి, అప్పు చేసి. శ్రీలంక 1990ల నుంచి అతి విషపూరితమైన మందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తే, 1995 నుంచి 2005 లోపు ఆ దేశంలో ఆత్మహత్యల రేటు సగానికి పడిపోయింది. చావాలనుకున్నవాడు ఎలాగైనా చస్తాడు అన్న మన ఊరి మాట తప్పని అంతకంటే బాగా ఎవరూ రుజువు చేయలేదు. ప్రయత్నించి బతికిన పదిమందిలో తొమ్మిదిమంది దాకా ఆ తర్వాత ఆత్మహత్యతో పోలేదని దీర్ఘకాలం గమనించినవాళ్ళు చెప్పారు. ఆ ఘడియ దాటడమే ముఖ్యం. ఇది చదువుతున్న మీకు గానీ, మీ ఇంట్లో ఎవరికైనా గానీ అలాంటి ఘడియ ఉంటే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అన్న ప్రభుత్వ సేవ అది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.

నలుగురూ కొంటున్నారని కొనడం ఇంకో సంగతి. 2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు అమెరికాలో ఆ ఒక్క నెలలోనే 37 లక్షల తనిఖీలు జరిగాయి, ఏడాది మొత్తానికి 3 కోట్ల 97 లక్షలు. ప్రతి తనిఖీ ఒక కొనుగోలు కాదు, అయినా అంతకు ముందెన్నడూ లేని అంకెలివి. 2019 జనవరి నుంచి 2021 ఏప్రిల్ దాకా 75 లక్షల మంది మొదటిసారి తుపాకీదారులయ్యారని, వాళ్ళలో సగం మంది ఆడవాళ్ళని ఒక సర్వే అంచనా. 2012 డిసెంబరులో శాండీ హుక్ బడిలో పిల్లల్ని కాల్చి చంపాక కూడా అమ్మకాలు ఎగిశాయి, రేపు నిషేధం వస్తే దొరకదేమోనని. అప్పటికే నాలుగు తుపాకులున్నవాడు నిషేధానికి ముందే ఐదోది కొనడం వాడి లెక్కలో ప్రణాళికే. ఊరంతా భయపడుతుంటే చూసి భయపడి మొదటిది కొన్నవాడిది వేరే కథ. 2023లో ప్యూ అనే అమెరికా పరిశోధన సంస్థ సర్వేలో తుపాకీదారుల్లో 72 శాతం మంది రక్షణే ముఖ్య కారణమన్నారు. ఆ ఒక్క మాట కిందే నిజమైన ప్రమాదంలో ఉన్నవాళ్ళూ, వార్తలు చూసి బెదిరినవాళ్ళూ కలిసిపోయి ఉన్నారు.

మన దగ్గర లైసెన్స్ గోల లేకుండా, మనసు లాగగానే కొనేయగలిగింది ఒక్కటే: ఎయిర్ గన్. .177 బోర్‌లో, గుండు శక్తి 20 జౌళ్ళు దాటనివాటికి లైసెన్స్ అవసరం లేదు. ఆన్‌లైన్‌లో రాత్రి చూసి పొద్దున్నకల్లా ఆర్డర్ పెట్టేస్తారు, పుట్టినరోజు కానుకగా పన్నెండేళ్ళ పిల్లాడి చేతికిస్తారు. అది బొమ్మ కాదు. దగ్గర నుంచి కాలిస్తే కన్ను పోతుంది, ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. దానితో చెట్టు మీది పిట్టను కొట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమవుతుంది. రివాల్వర్ కోసం ఏడాది ఆగిన తండ్రి ఎయిర్ గన్‌ని ఐదు నిమిషాల్లో కొని, సోఫా పక్కన ఆనించి వదిలేయడం నేను చూశాను. చట్టం అడగలేదు కాబట్టి ఆయన కూడా తనను తాను అడగలేదు. గురిపెట్టడం నేర్పాలనుంటే రైఫిల్ క్లబ్బులున్నాయి. అక్కడ పిల్లలకు ముందు నేర్పేది కాల్చడం కాదు, గొట్టం ఎటు తిప్పకూడదన్నది.

అందుకే డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉన్న కొడుకు "చాలా రోజుల నుంచి అనుకుంటున్నా" అన్నప్పుడు, ఎన్ని రోజుల నుంచి అని అడిగి లాభం లేదు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. తాళం పెట్టె తుపాకీ కంటే ముందు వచ్చిందా? దాని కోడ్ ఎవరెవరికి తెలుసు? తూటాలు విడిగా పెట్టావా? కోడలు సరేనందా, లేక తర్వాత తెలిసిందా? పిల్లల స్నేహితులు ఆడుకోవడానికి వచ్చినప్పుడు ఎలా? టెక్సస్‌లో 17 ఏళ్ళ లోపు పిల్లలకు తూటాలున్న తుపాకీ అందేలా నిర్లక్ష్యంగా వదిలేయడం నేరం, ఆ సంగతి తెలుసా? ఇంట్లో ఎవరికైనా మనసు బాగాలేని రోజులొస్తే కొన్నాళ్ళు దాన్ని బయట ఎక్కడ పెడతావు? అక్కడ కొన్ని దుకాణాలు, కొన్ని పోలీసు శాఖలు అలా తాత్కాలికంగా దాచిపెడతాయి, ఏవన్నది ముందే కనుక్కుని ఉంచుకోవాలి. ఇక్కడైతే లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ స్టేషన్‌లో గానీ డిపాజిట్ చేయవచ్చు, ఎన్నికలప్పుడు మనవాళ్ళు చేస్తున్నది అదే, దానికి ఎన్నికలే రానక్కర్లేదు.